తిన్న అన్నం సత్తువ ఎట్లా అవుతుంది?

పొద్దున అయిదు గంటలకే అమీర్‌పేటలో హాస్టళ్ళ వంటిళ్ళలో పొయ్యిలు వెలుగుతాయి. ఊళ్ళ నుంచి కోచింగుల కోసం వచ్చిన పిల్లలకు ఏడు గంటలకల్లా టిఫిన్ తయారు కావాలి. అట్లాంటి ఒక వంటింట్లో పనిచేసే ఒకామె ఉందనుకుందాం. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఇద్దరు పిల్లలు. బల్కంపేట వైపు ఒక గదిలో అద్దెకుంటుంది. హాస్టల్లో పని ముగించి, నడుచుకుంటూ పంజగుట్ట పోతుంది. అక్కడ రెండు ఇళ్ళలో గిన్నెలు తోముతుంది, బట్టలుతుకుతుంది.

నడుమ అమీర్‌పేట రోడ్డు దాటాలి. బండ్ల రద్దీకి భయపడి మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతల దిగుతుంది. మొదట్లో ఆ మెట్లు ఆమెకు లెక్కే కాదు. ఆర్నెల్ల నుంచి సగం ఎక్కేసరికే దమ్ము వస్తోంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. కమ్మీ పట్టుకుని నిలబడాలి. కళ్ళ ముందు చీకట్లు కమ్ముతాయి.

"కడుపు నిండా తింటున్నవు కదా బిడ్డా! తిన్న సత్తువంతా ఎటు పోతుంది?" అంటుంది అత్తమ్మ.

పని చేయించుకునేవాళ్ళు ఇంకో మాట అంటారు. "ఈమెకు బద్ధకం ఎక్కువైంది" అంటారు.

అత్తమ్మ అడిగింది మంచి ప్రశ్న. అన్నం తింటే సత్తువ వస్తుందని అందరికీ తెలుసు. ఎట్లా వస్తుందో చాలామందికి తెలియదు. అది తెలిస్తే, కడుపు నిండా తిన్నా కూడా సత్తువ ఎందుకు లేదో తెలుస్తుంది.

కట్టెల పొయ్యి మీద వండినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. కట్టెలు ఎన్ని పెట్టినా, గాలి ఆడకపోతే మంట రాదు. పొగే వస్తుంది. ఊదుగొట్టంతో ఊదితే భగ్గుమంటుంది. కట్టె ఒక్కటే మంట ఇవ్వదు. కట్టెకు గాలి తోడు కావాలి. గాలిలో అంతా పనికిరాదు. నూటికి 21 పాళ్ళు ఉండే ఆక్సిజన్ పనికొస్తుంది. దాన్నే ప్రాణవాయువు అంటారు. 2021లో కరోనా రెండోసారి ముంచుకొచ్చినప్పుడు ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం ఎంత తిరిగారో ఎవరూ మరిచిపోలేదు. ఆ ఆక్సిజనే ఇది.

మన ఒంట్లోనూ ఇదే జరుగుతుంది. అన్నం కట్టెలాంటిది. ఊపిరి తోడు కావాలి. అయితే ఒంట్లో పొయ్యి కడుపులో లేదు. ఆకలేస్తే "కడుపు మండుతోంది" అంటాం కానీ, అక్కడ అన్నం మండదు, అరుగుతుంది, అంతే. కడుపులో, పేగుల్లో అన్నం చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి గ్లూకోజు అనే చక్కెరగా మారుతుంది. జ్వరం వచ్చినప్పుడు సీసాతో ఎక్కించే గ్లూకోజు కూడా ఇదే. అది పేగుల నుంచి రక్తంలోకి పోతుంది. రక్తం దాన్ని ఒళ్ళంతా మోసుకుపోతుంది.

ఎవరి దగ్గరికి మోసుకుపోతుంది? కణాల దగ్గరికి.

ఇల్లు ఇటుకలతో కట్టినట్టు, మన ఒళ్ళు కణాలతో కట్టి ఉంది. కంటికి కనిపించనంత చిన్నవి. ఒక్క మనిషి ఒంట్లో దాదాపు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయని లెక్క కట్టారు. ఇటుకకు ప్రాణం ఉండదు, కణానికి ఉంటుంది. కణానికీ ఆకలి ఉంటుంది. ప్రతి కణం తన వంట తానే వండుకోవాలి. పక్క కణం వండి పెట్టదు.

అందుకని కణం లోపల ఇంకా చిన్న పొయ్యిలు ఉంటాయి. వాటి పేరు మైటోకాండ్రియా. పలకడం కష్టం. ఇక్కడ పొయ్యి అనే అనుకుందాం. కొన్ని కణాల్లో వందలు ఉంటాయి, కొన్నింటిలో వేలు ఉంటాయి. రాత్రీ పగలూ ఆగకుండా కొట్టుకునే గుండె కండరంలో ఇవి చాలా ఎక్కువ.

గ్లూకోజు కణంలోకి వచ్చాక మొదట రెండు ముక్కలవుతుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు. కొంచెం సత్తువ వస్తుంది. చాలా కొంచెం. అసలు పని తర్వాత ఉంది. ఆ ముక్కలు పొయ్యిలోకి పోతాయి. అక్కడ ఒక్కో మెట్టూ దిగుతూ ఇంకా విడిపోతాయి. వాటిలోని బొగ్గు పదార్థం ఆక్సిజన్‌తో కలిసిన గాలిగా బయటికి వస్తుంది. దాన్ని బొగ్గుపులుసు గాలి అంటారు. మిగిలిన హైడ్రోజన్‌ను చివరి మెట్టు దగ్గర మనం పీల్చిన ఆక్సిజన్ అందుకుంటుంది. రెండూ కలిస్తే నీళ్ళవుతాయి. ఔను, మామూలు నీళ్ళే. ఆ చివరి మెట్టు దగ్గర ఆక్సిజన్ లేకపోతే పైమెట్లన్నీ ఆగిపోతాయి. చెత్త నిండిపోతే మోరీ నీళ్ళు వెనక్కి తన్నినట్టు, అంతా వెనక్కి నిలిచిపోతుంది. మనం ఊపిరి తీసేది ముఖ్యంగా ఆ ఒక్క మెట్టు కోసం.

బొగ్గుపులుసు గాలి మాట నిజమో కాదో ఇంట్లోనే చూడవచ్చు. కాస్త సున్నం నీళ్ళలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దున పైన తేట నిలుస్తుంది. దాన్ని గాజు గ్లాసులోకి వంచుకోవాలి. కొబ్బరి బోండాం తాగే గొట్టంతో అందులోకి మెల్లగా ఊదాలి. కాసేపటికి తేట పాలలాగా తెల్లబడుతుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి చేసిన పని అది. ఊదాలే కానీ పీల్చకూడదు. సున్నపు తేట నోట్లోకి, కళ్ళలోకి పోనీయొద్దు. పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు.

ఒంట్లో పొయ్యి ఉందంటే మంట ఏది అని అడగవచ్చు. కట్టె ఒక్కసారిగా మండుతుంది. కణంలో గ్లూకోజు ఒక్కో మెట్టూ దిగుతూ, నింపాదిగా ఖర్చవుతుంది. అందుకని మంట రాదు. అయినా సగానికి పైగా వేడిగానే పోతుంది. మనిషి ఒళ్ళు చలికాలంలోనూ వెచ్చగా ఉండేది ఆ వేడి వల్లనే. మిగిలింది సత్తువ.

ఆ సత్తువను కణం ఎట్లా దాచుకుంటుంది? షేర్ ఆటో ఎక్కి 500 నోటు ఇస్తే ఆటో అన్న ఏమంటాడు? "చిల్లర లేదక్కా" అంటాడు. గ్లూకోజు పెద్ద నోటులాంటిది. కన్ను రెప్ప వేయాలన్నా, వేలు కదపాలన్నా కణానికి చిల్లర కావాలి. పొయ్యిలు చేసే పని నోటును చిల్లర మార్చడం. ఆ చిల్లర పేరు ఎ.టి.పి. దానికి తోకలాగా మూడు ఫాస్ఫేటు ముక్కలు ఉంటాయి. చివరి ముక్క విడిపోయినప్పుడు ఒక పని జరుగుతుంది. విడిపోయిన ముక్కను పొయ్యి మళ్ళీ అతికిస్తుంది. మళ్ళీ విడిపోతుంది, మళ్ళీ అతుకుతుంది. ఒక్క సమయంలో ఒంట్లో ఉండే ఎ.టి.పి. 50 గ్రాములకు అటూ ఇటూ. కానీ తిరిగి తిరిగి తయారయ్యేది మొత్తం లెక్కేస్తే, రోజుకు దాదాపు మనిషి బరువంత అవుతుంది.

ఇక్కడే అసలు లెక్క ఉంది. ఆక్సిజన్ బాగా అందితే ఒక్క గ్లూకోజు నుంచి దాదాపు 30 చిల్లర వస్తుంది. ఆక్సిజన్ అందకపోతే రెండే వస్తాయి. 30 ఎక్కడ, 2 ఎక్కడ!

గబగబా మెట్లెక్కినా, నీళ్ళ బిందె ఎత్తుకుని పరుగెత్తినా, కాళ్ళకు కావలసినంత ఆక్సిజన్ వెంటనే అందదు. అప్పుడు కండరాలు ఆ రెండు చిల్లరతోనే కొంతసేపు గడుపుకుంటాయి. అట్లా గడుపుకున్నప్పుడు లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. పాలు తోడుకుని పెరుగైనప్పుడు పులుపు వస్తుంది కదా, ఆ పులుపు కూడా లాక్టిక్ ఆమ్లమే. పాలలో తోడు వేసిన సూక్ష్మజీవులు ఆక్సిజన్ లేకుండానే బతుకుతాయి, ఆ రెండు చిల్లరతోనే. మనిషి అట్లా ఎక్కువసేపు బతకలేడు. మెట్లెక్కి ఆగిన తర్వాత కూడా కాసేపు ఎగశ్వాస పోనిది అందుకే. ఒళ్ళు అప్పు తీర్చుకుంటోంది.

మంచి ఆరోగ్యం ఉన్న మనిషికి ఆ అప్పు కాసేపట్లోనే తీరుతుంది. మరి హాస్టల్లో వంట చేసే ఆమెకు ఎందుకు తీరడం లేదు?

ఆమె చివరికి బస్తీ దవాఖానాకు పోయింది. ఈ దవాఖానాలు హైదరాబాద్ బస్తీల్లో 2018 నుంచి పెట్టారు. పైసలు తీసుకోరు. అక్కడ సిస్టరమ్మ ముందు ఆమె వేలికి ఒక క్లిప్పు పెట్టింది. కరోనా అప్పుడు అందరి వేళ్ళకూ పెట్టిన క్లిప్పే. 98 అని చూపించింది.

"98 అంటే మంచిగనే ఉన్నట్టు కదా సిస్టరమ్మా? మరి నాకు దమ్మెందుకు వస్తుంది?"

సిస్టరమ్మ జవాబు చెప్పలేదు. ఆమె కింది కనురెప్ప కిందికి లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. వేలు గుచ్చి రక్తం చుక్క తీసింది. హిమోగ్లోబిన్ 8 గ్రాములు ఉంది. గర్భం లేని ఆడవాళ్ళకు 12 గ్రాములన్నా ఉండాలి. గర్భిణికి 11 అన్నా ఉండాలి.

98 కీ 8 కీ పొత్తు ఎట్లా కుదిరింది? పంజగుట్టలో అపార్టుమెంటు కడుతుంటే గంపలతో ఇసుక మోసేవాళ్ళను చూడండి. ప్రతి గంపా నిండుగానే ఉంది. కానీ గంపలు మూడు వంతుల్లో రెండే ఉన్నాయి. అప్పుడు పైకి చేరే ఇసుక తగ్గిపోదా? వేలికి పెట్టే క్లిప్పు గంప నిండిందా లేదా అని చెబుతుంది. గంపలు ఎన్ని ఉన్నాయో చెప్పదు. అది చెప్పాలంటే రక్తం చుక్క కావాలి. క్లిప్పు చూసి "బాగానే ఉన్నావు" అని పంపిస్తే, అడిగి రక్త పరీక్ష చేయించుకోవాలి.

రక్తంలో గంపలు ఎర్ర కణాలు. ఎర్ర కణం నిండా హిమోగ్లోబిన్ ఉంటుంది. ఒక్కో హిమోగ్లోబిన్‌లో నాలుగు చోట్ల ఇనుము ఉంటుంది. ఆక్సిజన్ పోయి ఆ ఇనుమును పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో ఎక్కుతుంది, కణాల దగ్గర దిగుతుంది. ఇంకో వింత ఉంది. ఇంతమందికి ఆక్సిజన్ మోసే ఎర్ర కణానికి తన లోపల ఒక్క పొయ్యీ లేదు. మోసిన దాంట్లోంచి తాను తీసుకోదు. ఆ రెండు చిల్లరతోనే నాలుగు నెలలు బతికి పోతుంది. ఇంటిల్లిపాదికీ పెట్టి, తాను గిన్నె గీరుకునే ఆడవాళ్ళకు ఈ సంగతి వింతగా తోచకపోవచ్చు.

ఇనుము తక్కువైతే గంపలు తక్కువవుతాయి. గంపలు తక్కువైతే కణాల పొయ్యిలకు ఆక్సిజన్ సరిగ్గా అందదు. ఆ పొయ్యిల తయారీకి కూడా ఇనుము కావాలి, అది మరో దెబ్బ. అన్నం ఉంది, గ్లూకోజు ఉంది, పొయ్యి మాత్రం మందంగా ఉంది. గుండె ఊరుకోదు. ఉన్న గంపలనే రెండింతలు తిప్పుదామని వేగంగా కొట్టుకుంటుంది. దడ అదే. మెదడు బరువు ఒంట్లో నూటికి రెండు పాళ్ళే, కానీ ఆక్సిజన్‌లో నూటికి 20 పాళ్ళు అదే వాడుకుంటుంది. అందుకని తల తిరుగుతుంది, మనసు పని మీద నిలవదు. దీన్ని బద్ధకం అనేవాళ్ళకు ఒంట్లో జరిగే సంగతి తెలియదని అర్థం.

ఇది ఒక్కరి కథ కాదు. 2019-21లో దేశమంతా జరిపిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉంది. తెలంగాణలోనూ దాదాపు అంతే. నెలనెలా రక్తం పోతుంది. కాన్పులో పోతుంది. కడుపులో బిడ్డ తన వంతు తీసుకుంటుంది. చెప్పుల్లేకుండా తిరిగితే కాళ్ళలోంచి దూరే కొంకి పురుగులు పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. వీటి మీద చివరగా తినే అలవాటు. చివరికి మిగిలేది అన్నమూ చారే, కూర కాదు.

సిస్టరమ్మ గోలీలు ఇచ్చింది. ఇనుమూ, ఫోలిక్ ఆమ్లమూ కలిసిన గోలీలు. అంగన్‌వాడీల్లో గర్భిణులకు ఇచ్చేవి ఇవే. ఈ చిన్న గోలీ వెనక ఒక తెలుగాయన ఉన్నాడు.

ఆయన పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. మద్రాసులో డాక్టరు చదువు చదివాడు. గాంధీ మాట విని ఖద్దరు కట్టినందుకు అక్కడి దొర మాస్టరుకు కోపం వచ్చింది, పూర్తి డిగ్రీ రాలేదు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలోనే పోయారు. తిన్నది ఒంటపట్టనీయని జబ్బు అది, రక్తం కూడా తగ్గిపోతుంది. 1923లో ఆయన అమెరికాలో బోస్టన్ చేరాడు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల గిన్నెలు ఎత్తిపోసే పని చేసి కడుపు నింపుకున్నాడు.

అక్కడ ఫిస్కే అనే మాస్టరుతో కలిసి కండరాల్లో సత్తువ ఎక్కడ దాగి ఉంటుందో వెదికాడు. 1929లో వాళ్ళు ఎ.టి.పి.ని కనిపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనిపెట్టాడు. పైన చెప్పుకున్న చిల్లర ఇదే.

దాదాపు ఆ రోజుల్లోనే, 1928లో, లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం లేక పాలిపోతున్నారు. వాళ్ళు ఏం తింటున్నారో ఆమె చూసింది. తిండిలోనే లోపం ఉందని పట్టుకుంది. ఈస్ట్‌తో చేసిన ముద్ద పెడితే వాళ్ళకు రక్తం పడుతోందని 1931లో రాసింది. అందులో ఉన్న పదార్థం ఏమిటో అప్పటికి తెలియదు. అది ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. కొత్త కణాలు పుట్టాలంటే అది ఉండాలి. అమెరికాలో ఒక మందుల కంపెనీలో సుబ్బారావు నడిపిన పరిశోధకుల బృందం దాన్ని 1945లో తయారు చేసింది. తన అన్నదమ్ములను మింగిన స్ప్రూకు కూడా అది మందయింది. సుబ్బారావు మళ్ళీ దేశానికి రాలేదు, 1948లో అక్కడే పోయాడు. ఇక్కడ ఉండిపోయిన భార్య శేషగిరి సంగతి రాసినవాళ్ళు తక్కువ.

గోలీలు వేసుకున్న నాలుగో రోజే ఆమె భయపడింది. దొడ్డికి నల్లగా వస్తోంది. కడుపులో తిప్పుతోంది. "ఈ గోలీలు పడలేదు" అని సంచిలో పెట్టేసింది. చాలామంది గోలీలు ఇక్కడే ఆగిపోతాయి. ఒంటపట్టని ఇనుము బయటికి పోవడం వల్ల దొడ్డికి నల్లగా వస్తుంది. దానికి భయపడనక్కర్లేదు. తిప్పితే పరగడుపున కాకుండా తిన్న తర్వాత వేసుకోవాలి. మలబద్ధకం ఉంటే నీళ్ళు ఎక్కువ తాగాలి. అయినా తగ్గకపోతే సిస్టరమ్మకు చెబితే ఇంకో దారి చూస్తారు. గోలీలు మాత్రం పిల్లలకు అందకుండా పెట్టాలి. పిల్లలు మిఠాయి అనుకుని నాలుగు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో తప్పు కూడా ఆమెకు తెలియకుండానే జరుగుతోంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగుతుంది, గోలీ వేసుకున్నా అంతే. అమీర్‌పేటలో ప్రతి మలుపుకూ చాయ్ హోటలే. చాయ్‌లోని వగరు ఇనుమును పట్టి ఉంచుతుంది, పేగులు పీల్చుకోనీయదు. తిండికీ చాయ్‌కీ నడుమ గంట ఎడం ఉండాలి. కాల్షియం గోలీ ఉంటే అది కూడా వేరే పూట వేసుకోవాలి. నిమ్మకాయ, ఉసిరి, జామకాయ తోడైతే ఇనుము బాగా ఒంటపడుతుంది. తోటకూర, మునగాకు, సజ్జలు, శనగలు తినాలి. మాంసం తినేవాళ్ళకు కార్జం మంచిది. కాకపోతే, హిమోగ్లోబిన్ 8కి పడిపోయాక తిండి ఒక్కటే సరిపోదు. గోలీ కావాలి. నెలసరి రక్తం ఎక్కువగా పోతుంటే దానికి కూడా చూపించుకోవాలి.

సంచిలోని గోలీలు మళ్ళీ బయటికి వచ్చాయి. రోజూ రాత్రి అన్నం తిన్న తర్వాత, నిమ్మకాయ నీళ్ళతో. నెల రోజులకు 9.4 వచ్చింది. మూడో నెలలో 11 దాటింది. ఇప్పుడు మెట్రో మెట్ల మధ్య ఆగడం లేదు. పైకి చేరాక ఒకసారి నిలబడి ఊపిరి తీసుకుంటుంది.

"ఇగ బంద్ చేయొచ్చా సిస్టరమ్మా?"

"ఇప్పుడే కాదు. 12 దాటినంక కూడా రెండు మూడు నెలలు వేసుకోవాలి. ఒంట్లో ఇనుము నిలవ నిండాలి. లేకుంటే నాలుగు నెలసరులకు మళ్ళీ ఇక్కడికే వస్తావు."

బడికి పోయే కూతురికి పదమూడేళ్ళు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం గోలీని ఇన్నాళ్ళూ కిటికీలోంచి పడేస్తోందని ఆ సాయంత్రమే బయటపడింది.